పెనాంగ్‌లో ఒంటిగంట, బ్యాంకాక్‌లో పన్నెండు

మలేషియాలోని పెనాంగ్ దీవి, థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్ పటంలో దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ ఉన్నది 100.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, బ్యాంకాక్ 100.5 డిగ్రీల మీద. రెండు ఊళ్లకూ మిట్టమధ్యాహ్నం నిమిషం తేడా కూడా లేకుండా అవుతుంది. అప్పుడు బ్యాంకాక్ గడియారంలో సగటున 12 గంటల 18 నిమిషాలు, జార్జ్‌టౌన్ గడియారంలో ఒంటిగంటా 19 నిమిషాలు.

లెక్క తేలికే. సూర్యుడి చుట్టూ తిరుగుతూనే తన చుట్టూ తాను తిరిగే భూమికి ఒక్కో డిగ్రీ జరగడానికి 4 నిమిషాలు పడుతుంది. గ్రీనిచ్ కంటే 7 గంటలు ముందున్న థాయిలాండ్ సమయం 105 డిగ్రీల రేఖాంశానిది. బ్యాంకాక్ దానికి నాలుగున్నర డిగ్రీలే పడమర. 8 గంటలు ముందున్న మలేషియా సమయం 120 డిగ్రీలది. పెనాంగ్ దానికి దాదాపు 20 డిగ్రీలు పడమర. మన దేశపు ప్రామాణిక రేఖ 82.5 డిగ్రీలు కాకినాడ దగ్గరగా పోతుంది కనుక, అక్కడ గడియారానికీ సూర్యుడికీ సగటు తేడా నిమిషం మాత్రమే.

ఈ తేడా ప్రభుత్వ నిర్ణయాల వల్ల వచ్చింది. థాయిలాండ్ 1920 ఏప్రిల్ 1న ఏడు గంటల లెక్క పెట్టుకుంది. మలేషియా ద్వీపకల్పంలో 1981 చివరిదాకా ఏడున్నర గంటల లెక్క నడిచింది. సముద్రానికి ఆవలనున్న సబా, సరవాక్ రాష్ట్రాలతో దేశమంతా ఒకే సమయంలో ఉండాలని 1982 జనవరి 1 నుంచి గడియారాలను అరగంట ముందుకు జరిపారు. సింగపూర్ కూడా అదే దారి పట్టింది.

సరిహద్దులోని పడాంగ్ బెసార్ రైల్వే స్టేషన్‌లో ఇది కళ్లకు కడుతుంది. థాయిలాండ్‌లోని హాట్ యాయ్ నుంచి వచ్చే రైలూ, కౌలాలంపూర్ వెళ్లే రైలూ అక్కడే ఆగుతాయి. రెండు దేశాల ఇమిగ్రేషన్ కౌంటర్లూ ఆ స్టేషన్‌లోనే ఉన్నాయి. రైలు మారేవాళ్లు గంట తేడా చూసుకోకపోతే బండి తప్పిపోతుంది.

మార్చి నెలాఖరులో బ్యాంకాక్‌లో ఆరుంబావు దాటాక పొద్దు పొడుస్తుంది. ఎనిమిదింటికి బహిరంగ స్థలాల్లో జాతీయగీతం వినిపించి జనం నిలబడేసరికి ఎండ బాగా ఎక్కి ఉంటుంది. పెనాంగ్‌లో పొద్దు పొడిచేది ఏడుంబావు దాటాకే. బడులు సాధారణంగా ఏడున్నర ప్రాంతంలో మొదలవుతాయి కనుక పిల్లలు చీకట్లోనే ఇల్లు కదలాలి. సాయంత్రం ఏడున్నరదాకా వెలుతురు ఉండటం మాత్రం ఆటలకూ వీధి తిండి బళ్లకూ కలిసొస్తుంది. ఆ రోజుల్లో రంజాన్ వస్తే ఇఫ్తార్ బ్యాంకాక్‌లో ఆరున్నరకు, పెనాంగ్‌లో ఏడున్నరకు. గడియారాలు వేరైనా రెండుచోట్లా ఉపవాసం విడిచేది దాదాపు ఒకేసారి, ఎందుకంటే నమాజు వేళలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి.

మన శరీరంలోని జీవగడియారమూ అంతే. ఉదయపు వెలుగు దాన్ని సరిచేస్తుంది, రాత్రి పొద్దుపోయేదాకా ఉండే వెలుతురు నిద్రను వెనక్కి నెడుతుంది. పొద్దు ఆలస్యంగా పొడిచే ఊళ్లో తెల్లవారకముందే లేవాల్సి వస్తే మొదట నిద్ర చాలనిది పిల్లలకే. దేశానికంతా ఒకే సమయం ఉండటం రైళ్లకూ బ్యాంకులకూ అవసరమే. బడిగంటను మాత్రం ఆ ఊరి పొద్దును చూసి కొట్టాలి. దానికి గడియారం ముల్లు జరపనక్కర్లేదు, టైంటేబుల్ మారిస్తే చాలు.