అంతములేని ఆట

పూర్వము పల్లెలలో బాలురు సాయంకాలమున చెడుగుడు, కోతికొమ్మచ్చి, గోలీలు మున్నగు ఆటలు ఆడుకొనుచుండెడివారు. ఆ యాటల నాపుటకు ఎవరును చట్టములు చేయవలసిన అవసరము లేకుండెను. ప్రొద్దు క్రుంకగానే గోలీ కంటికి కానరాదు. చెడుగుడు ఆడినవానికి కాళ్లు అలసి ఆకలి వేయును. తోడివారు ఒక్కొక్కరుగా ఇండ్లకు పోవుదురు. అంతటితో ఆట ముగియును.

నేటి బాలుని చేతనున్న సెల్‌ఫోనులో మరియొక విధమైన ఆట కలదు. అందు ప్రొద్దు క్రుంకదు, కాళ్లు అలయవు, ఒక తోడు పోయినచో మరియొకడు ఏ యూరినుండియో వచ్చి చేరును. ఆ యాట తనంతట తాను ముగియదు. ఈ యొక్క లక్షణమే అనేక బాలుర నిద్రను, చదువును హరించుచున్నది.

దూరమున నున్నవారు కంప్యూటరు ద్వారా కలసి ఆడు ఆట పుట్టి చాల కాలమైనది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి ఇట్టి యాట నొకదానిని నిర్మించెను. పిమ్మట రిచర్డ్ బార్టిల్ అను మరియొక విద్యార్థి దానిని పెంపొందించెను. అందు బొమ్మలు లేవు. తెరపై అక్షరములు మాత్రమే యుండెను. కంప్యూటర్లు అరుదైన ఆ దినములలో అది కొలదిమందికే అందెను. 2017లో వెలువడిన పబ్జీ యను ఆటలోనో, నూరుగురి వరకు ఒక దీవిలో దిగి, తుదివరకు నిలుచుటకై పోరాడుదురు. ఇట్టి ఆటలు సెల్‌ఫోనులోనికి వచ్చిన పిమ్మట పసిబాలురకును చేరువయ్యెను.

పదియేండ్ల బాలుడొకడు “ఒక్క ఆట మాత్రమే” యనుకొని ఫోను చేతబట్టును. కొంతసేపటికి ఓడిపోవును. నూరుగురిలో ఒక్కడు గెలుచు ఆటలో తక్కినవారు ఓడక తప్పదు గదా! కాని వెంటనే మరల ఆడుటకు తెరపై మీట కానవచ్చును. గెలుపు కొంచెములో తప్పినదని తలచి బాలుడు దానిని నొక్కును. ఇట్లు ఒక్క ఆట పది ఆటలగును.

ఇందులకు కారణము మనస్సు యొక్క స్వభావమునందే కలదు. బి. ఎఫ్. స్కిన్నర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురములపై ప్రయోగములు చేసి, ఫెర్‌స్టర్ అను సహచరునితో కలసి 1957లో ఆ ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. పావురము ఒక బిళ్లను ముక్కుతో పొడిచినచో గింజలు లభించును. ఎన్ని పోటులకు గింజ వచ్చునో తెలియనప్పుడు అది విడువక, వేగముగా పొడుచుచుండెను. గింజలు ఆగిపోయిన పిమ్మటను చాలసేపు మానలేదు. ఎప్పుడు గెలుపు వచ్చునో, ఏ పెట్టెలో ఏ కానుక దొరకునో తెలియని ఆటయందు బాలుని మనస్సును ఇట్లే తగుల్కొనును.

రెండవ కారణము స్నేహము. ఈ యాటలలో నలుగురు ఒక జట్టుగా చేరి ఆడుదురు. నడుమ ఒకడు లేచిపోయినచో తక్కిన ముగ్గురికి నష్టము కలుగును. తల్లి అన్నమునకు పిలిచినప్పుడు బాలుడు “ఇదిగో, వచ్చుచున్నానమ్మా” యని కదలకుండుటలో మొండితనమే కాక, తోడివారిని విడువరాదను తలంపును కలదు. ఈ మంచి గుణమే వానిని కట్టివేయుచున్నది.

మూడవ కారణము వ్యాపారము. ఇట్టి ఆటలలో పెక్కు ఉచితముగా లభించును. వేషములు, అలంకారములు మున్నగువాని నమ్ముటచేత వాని నిర్మించిన సంస్థలకు ఆదాయము వచ్చును. బాలుడు ఎంతకాలము ఆడుచుండిన, కొనుట కంత అవకాశము. కావున ప్రతిదినము వచ్చువానికి కానుకలు ఏర్పరతురు. ఒకదినము మానినచో వరుస తప్పును. ఇట్లు అనేక నిపుణుల నేర్పునకు ఎదురుగా ఒక పసివాని నిశ్చయము ఒంటరిగా నిలువవలసియున్నది.

ఆడువారందరును రోగులు కారు. అయినను, 2019లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనమునకు స్థానము కల్పింపబడెను. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట దాని లక్షణములు. సామాన్యముగా ఇవి ఒక సంవత్సరమైనను ఉన్నప్పుడే వైద్యులు దానిని వ్యాధిగా నిర్ణయింతురు.

ప్రభుత్వములును దీనిని అరికట్ట యత్నించినవి. దక్షిణ కొరియా 2011లో పదునారేండ్లలోపు బాలురు అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరుగంటలవరకు కంప్యూటరులో ఇట్టి ఆటలు ఆడరాదని శాసించెను. సెల్‌ఫోను ఆటలకు ఆ నియమము వర్తింపలేదు. బాలురు వానివైపు మరలిరి. 2022లో ఆ చట్టము రద్దయ్యెను. చైనా 2021లో పదునెనిమిదేండ్లలోపువారు శుక్ర, శని, ఆదివారములందును, సెలవుదినములందును రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిదివరకు మాత్రమే ఆడవలెనని విధించెను. భారతదేశమున సమాచార భద్రత కారణముగా 2020 సెప్టెంబరులో పబ్జీ నిషేధింపబడెను; మరుసటి సంవత్సరమే అట్టి యాట వేరొక పేరుతో వచ్చెను. ఒక ద్వారము మూసిన మరియొకటి తెరువబడుచునే యుండును.

కావున నిలుచు కట్టుబాటు ఇంటిలోనే ఏర్పడవలెను. ఎన్ని ఆటలు ఆడునో బాలుడు ముందే ఇంటివారికి చెప్పవలెను. తోడివారికిని ఆ మాట తెలిపినచో లేచిపోవుట ద్రోహము కాజాలదు. రాత్రివేళ ఫోను పడకకు దూరముగా ఉండవలెను. పెద్దలు ఆట నడుమ ఫోను లాగుకొనుటకు మారుగా, ఆట మొదలు కాకమునుపే గడువు నిర్ణయింపవలెను. అదుపు పూర్తిగా తప్పినవారికి వైద్యసహాయము కలదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2014లోనే ఇందులకై ప్రత్యేక చికిత్సాలయమును ప్రారంభించెను.

ధర్మరాజు ధర్మము తెలియనివాడు కాడు. జూదమున ఓడిన ప్రతిసారియు మరియొక పందెమున గెలుతునని తలచి, రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. అంతటివానికే ఆట నాపుట కష్టమైనప్పుడు, పసివానిని నిందించుటకంటె వానికి తోడుపడుట మేలు. అంతములేని ఆటకు ఆడువాడే అంతమును నిర్ణయింపవలెను. ఆ నేర్పును చిన్ననాడే అలవరచుకొన్న బాలుడు ఆటయందలి ఆనందమును పొందును. తన కాలమునకు తానే యజమానుడగును.