దాచిపెట్టడం హీరోలకే చెల్లు!

మన సినిమాల్లో జబ్బులకు కూడా ఒక హోదా ఉంది. హీరోకి వస్తే క్యాన్సర్, హీరోయిన్‌కి వస్తే గుండెజబ్బు, తల్లికి వస్తే దగ్గు! రుమాలు మీద ఎర్రటి చుక్క పడుతుంది. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. వెనక వయొలిన్లు మోగుతాయి. 1981 నాటి ‘ప్రేమాభిషేకం’ మొదలు 1989లో ‘గీతాంజలి’, 1993లో ‘మాతృదేవోభవ’ దాకా మనం హాళ్లలో కూర్చుని కార్చిన కన్నీళ్లు పోగుచేస్తే మా పోచంపాడు డ్యాం గేట్లు ఎత్తాల్సి వచ్చేది!

కానీ ఇన్ని సినిమాల్లో క్లోమం జబ్బు వచ్చిన హీరోయిన్‌ని మీరెవరైనా చూశారా? నేను చూశాను. తెర మీద కాదు, మెండోరలో, మా ఇంట్లో.

సినిమా పత్రికలో ఈ క్లోమం గొడవేమిటని పేజీ తిప్పెయ్యకండి. సినిమా సంగతి తప్పకుండా వస్తుంది.

2023 ఫిబ్రవరి. మా ఊళ్లో పసుపు ఉడకబెట్టే రోజులు. వీధి వీధంతా ఆ వాసనే. చుట్టాలింట పెళ్లిభోజనం చేసి వచ్చిన రాత్రి, రెండు గంటల వేళ నా భార్య లేచి కూర్చుంది. మోకాళ్లు పొట్టకు ఆనించుకుని ముందుకు వంగిపోయింది. “కడుపుల నుంచి వీపు దాక గుంజుతున్నది” అంది. “గ్యాసే అయ్యుంటది, గింత వాము నములు” అన్నాను నేను. జర్నలిస్టునుగా, అన్నీ తెలిసినట్టే మాట్లాడతాను!

తెల్లారి దగ్గర్లోని ఒక క్లినిక్‌లో కూడా గ్యాస్ అనే చెప్పి సూది వేసి పంపారు. సాయంత్రానికి వాంతులు ఆగలేదు, ఒళ్లు చల్లబడింది. నిజామాబాద్ తీసుకెళితే రక్తపరీక్షలో లైపేజ్ అనేది ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఉంది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. అందులో ఒకటి జారి దారికి అడ్డం పడిందన్నారు. వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. కామారెడ్డి దాటేదాకా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ తర్వాత పట్టు సడలింది. ఆ హైవే మీద నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గాని, అంత పొడుగు రోడ్డని ఆ రాత్రే తెలిసింది.

ఇంతకీ ఈ క్లోమం ఎక్కడుంటుంది? జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు, పదిహేను సెంటీమీటర్ల పొడుగున అణిగిమణిగి ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. పాటలో పెడదామన్నా ప్రాసకు కుదరదు! మనం తిన్న అన్నం అరిగించే రసాలు తయారుచేసేది అదే, ఇన్సులిన్ ఇచ్చేదీ అదే. ఆ రసాలు పేగులోకి వెళ్లాకే పనిచెయ్యాలి. దారి మూసుకుపోతే ఉన్నచోటనే పని మొదలుపెట్టి, క్లోమాన్నే అరిగించేస్తాయి. నమ్మిన ఇంటి గుమాస్తానే చివరికి విలన్‌గా తేలినట్టన్నమాట. పిత్తాశయంలో రాళ్లు, సారా... ఈ రెండే దీనికి ముఖ్య కారణాలు. అయిదుగురిలో నలుగురికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అయిదో మనిషికి ప్రాణం మీదికి వస్తుంది.

నా భార్య ఆ అయిదో మనిషి.

ఐసీయూ బయట బెంచీ మీద నేను, మా అత్తమ్మ. బోధన్‌లో బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. చేతులు ఊరికే ఉండలేక చీరకొంగు అంచునే బీడీలాగ చుట్టేది, విప్పేది, మళ్లీ చుట్టేది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపేవారు. మిగతా వేళంతా అప్పుల కోసం ఫోన్లు. పసుపు ఇంకా ఎండకముందే అడ్తి సేటు దగ్గర పైసలు తీసుకున్నాను. గల్ఫ్‌లో ఉన్న మా బావమరిది కొంత పంపించాడు. ఒక నోటుబుక్కులో జ్వరం ఎంత, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు, షుగర్ ఎంత అని రాసుకునేవాణ్ణి. నేను తిన్నది మాత్రం ఎక్కడా రాయలేదు, రాయడానికి చాయ్, బన్ను తప్ప ఏమీ లేవు. ఒకరోజు ఆ వరండాలోనే కళ్లు తిరిగి పడబోతే ఆయమ్మ పట్టుకుని, “నువ్వు గూడ పండుకుంటే గామెను చూసేదెవరు బిడ్డా?” అని తిట్టింది. అప్పట్నుంచి రెండు పూటలా అన్నం తిన్నాను.

అసలు కథ ఇక్కడే ఉంది. క్లోమంలో కొంత భాగం చచ్చిపోయిందని డాక్టర్లు చెప్పారు. అందులో చీము పడితే ప్రమాదమే అన్నారు. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు. చుట్టాలంతా అదే సలహా ఇచ్చారు: “ఆమెకు చెప్పకు, ధైర్యం చెడుతది.” నేనూ హీరోలాగానే లోపలికి పోయేముందు మొహం కడుక్కుని, “ఏం గాదు, రెండ్రోజుల్ల పోదాం ఇంటికి” అని నవ్వేవాణ్ణి.

తొమ్మిదో రోజు ఆమె ముక్కులో గొట్టంతోనే మెల్లగా అంది: “నాకేమైందో నాకు చెప్తలేవు. దునియకంత ఫోన్ల చెప్తున్నవ్. నర్సమ్మను అడిగిన, చెప్పింది. ఇగ యాక్టింగ్ బంద్ చెయ్. బతుకుతనా?”

గొంతులోంచి మాట రాలేదు. చివరికి, “తెలువది. డాక్టర్లకు గూడ ఇప్పుడే తెలువదట” అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు పైకప్పు చూసింది. “గట్లనా... పిల్లకు బడి ఫీజు కట్టినవా?” అంది. తర్వాత మహిళా సంఘం పైసలు ఎవరికి ఎంత ఇయ్యాలో చెప్పింది. బీరువాలో ఏ చీర మడతలో ఏం దాచిందో చెప్పింది. పిల్లకు రాత్రి చీకటంటే భయమని, లైటు ఆర్పొద్దని చెప్పింది. ఆరేళ్ల పిల్ల తండ్రిని, నాకే ఆ సంగతి తెలియదు! ఈ మాటలన్నీ తొమ్మిది రోజులుగా ఆమె నోట్లోనే ఉన్నాయి. నా నవ్వు అడ్డం వచ్చి బయటికి రాలేదు, అంతే.

పక్క మంచం ఆమె భర్త జగిత్యాల వైపు డ్రైవరు. ఆయన చివరిదాకా “ఏం గాదు” అనే అన్నాడు. ఆమె పోయిన తెల్లారి లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుని, “పాస్‌బుక్ ఏడ పెట్టిందో తెలువదన్నా. చెప్పబోతుండె. నేనే మాట్లాడనియ్యలే” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇక సినిమా సంగతి. ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని ఏం చేశాడు? తనకు క్యాన్సరని తెలిసి, ప్రేమించిన శ్రీదేవికి చెప్పకుండా, ఆమె తనను అసహ్యించుకునేలా నాటకమాడాడు. దాసరి గారు తీసిన ఆ త్యాగానికి జనం నీరాజనం పట్టారు. నాకూ ఇష్టమే ఆ సినిమా. కానీ అదే అక్కినేని నాగేశ్వరరావు గారికి నిజజీవితంలో క్యాన్సర్ వచ్చినప్పుడు? 2013 అక్టోబర్‌లో విలేకరులను పిలిచి తనే చెప్పేశారు. అప్పటికాయనకు తొంభయ్యేళ్లు. ఆ తర్వాత కూడా ‘మనం’లో తన పాత్రకు డబ్బింగ్ ఇంటి నుంచే చెప్పారు. 2014 జనవరి 22న వెళ్లిపోయారు. మేలో సినిమా వచ్చింది. తెర మీద దాచిన మనిషి బయట దాచలేదు, చూశారా!

ఇంగ్లీషు సినిమా చూసేవాళ్లకు పాట్రిక్ స్వేజ్ గుర్తుండే ఉంటాడు. 1990లో వచ్చిన ‘ఘోస్ట్’లో చచ్చిపోయాక కూడా ప్రియురాలిని కాపాడుకునే దెయ్యం హీరో. 2008లో ఆయనకు సరిగ్గా ఈ క్లోమానికే క్యాన్సర్ వచ్చింది. మా ఆవిడది వాపు, ఆయనది క్యాన్సర్. రెండూ ఒకటి కావు. ఆయనది ఇంకా కఠినమైన జబ్బు. అయినా కబురు దాచకుండా, మందులు వాడుకుంటూనే ‘ది బీస్ట్’ అనే టీవీ సీరియల్ చేశాడు. భార్య లీసా నీమీ చిన్నప్పుడు ఆయన తల్లి నడిపే డాన్సు స్కూల్లో చేరిన అమ్మాయి. 1975లో పెళ్లయింది. 2009 సెప్టెంబర్‌లో ఆయన పోయేదాకా పక్కనే ఉంది. ఆ రోజుల గురించి తర్వాత ఒక పుస్తకం రాసింది. ‘ఘోస్ట్’లో హీరో తన మాట చెప్పాలంటే మధ్యలో ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. ఆ మొగుడూపెళ్లాలకు ఆ అవసరం పడలేదు.

మా కథ తెగేసరికి నెలన్నర పట్టింది. వెంటనే పొట్ట కోసి శుభ్రం చెయ్యరేమని నేను డాక్టరుతో గొడవపడ్డాను కూడా. ఆయన ఓపికగా చెప్పాడు: పూర్వం అట్లాగే కోసేవారట, చాలామంది తట్టుకోలేకపోయేవారట. నాలుగు వారాలు ఆగితే చెడిపోయినదాని చుట్టూ ఒక గోడ కడుతుంది, అప్పుడు గొట్టంతో బయటికి తియ్యవచ్చు. 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఇట్లా మెట్టుమెట్టుగా వెళ్లి చూస్తే, మూడో వంతు మందికి పెద్ద ఆపరేషనే అవసరం పడలేదు. నోట్లోంచి ఎండోస్కోప్ పంపి చేసే ఇట్లాంటి వైద్యంలో మన హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినిపిస్తోంది. 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి గారు చేసింది ఈ రంగంలోనే. మన దేశంలో చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు వచ్చే ఇంకో రకం జబ్బు ఉంది. దానికీ స్పింక్‌వన్ అనే జన్యువులోని మార్పుకీ ఉన్న సంబంధాన్ని 2002లో బయటపెట్టింది కూడా మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లే.

ఒక్క మాట, మా వైపు వాళ్ల కోసం. కళ్లు పచ్చబడగానే పసరు పోయించుకోవడానికి పరుగెత్తుతాం కదా? నొప్పి లేకుండా వచ్చే కామెర్లు ఒక్కోసారి క్లోమం క్యాన్సర్‌కు మొదటి గుర్తు. ముందు స్కానింగ్ తీయించండి. పసుపు పండించే ఊరివాణ్ణి, పసుపునీళ్లతో అన్నీ పోతాయని నాకూ చాలామంది చెప్పారు. పోవు!

ఆమె ఇంటికొచ్చింది. తర్వాత పిత్తాశయం తీసేశారు. క్లోమం దెబ్బతింది గనక షుగర్ వచ్చింది. రోజూ ఇన్సులిన్, అన్నంతోపాటు అరుగుదల మాత్ర. మా మామ బోధన్ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డప్పుడు ఇల్లంతా ఏడ్చింది. సూది చేసుకుంటూ నా భార్య అంటుంది: “నాయిన ఫ్యాక్టరీ బందయితే నా కడుపుల చాలు జేసిండ్రు.”

2024లో, ఇంటికొచ్చిన పది నెలలకు నిజామాబాద్‌లో సినిమాకు వెళ్లాం. ఇంటర్వెల్‌లో సమోసా వద్దని నేను, సగం అయినా తింటనని ఆమె. సగం తిన్నది, మాత్ర వేసుకుంది. సెకండాఫ్‌లో హీరోయిన్ డాక్టరు రిపోర్టును పరుపు కింద దాచిపెట్టి హీరోని చూసి నవ్వుతోంది. వయొలిన్లు మొదలయ్యాయి. హాలంతా నిశ్శబ్దం. మా ఆవిడ ఉండబట్టలేక పైకే అనేసింది:

“చెప్పరాదె పిల్లా!”

ముందు వరస కుర్రాళ్లు గొల్లున నవ్వారు. పక్క సీటాయన మాత్రం కళ్లు తుడుచుకుంటూ మా వైపు కోపంగా చూశాడు.