మాటకందని మనసు

కాళిదాసు రచించిన 'అభిజ్ఞాన శాకుంతలం' పంచమాంకంలో హంసపదిక పాట విన్న దుష్యంతుని హృదయం కారణం తెలియకుండానే కలత చెందుతుంది. శాపవశాన శకుంతల అతని జ్ఞాపకం నుండి తొలగిపోయింది గాని, ఆమె పట్ల అనురాగం అంతరంగంలో మిగిలే ఉంది. మరచినంత మాత్రాన అనుభవం నశించదు. 'మనోగతిక కౌన్సెలింగ్' అనే ఆధునిక పద్ధతికి ఈ భావనే పునాది.

ఈ పద్ధతి వియన్నా నగరంలో పుట్టిన మనోవిశ్లేషణ నుండి వచ్చింది. 1880-82 మధ్య అక్కడ జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతికి చికిత్స చేశాడు. మండువేసవిలో దాహంతో అలమటిస్తున్నా ఆమె నీళ్లు తాగలేకపోయేది. ఒకనాడు ఒక కుక్క గ్లాసులోని నీళ్లు తాగడం చూసి, మర్యాద కోసం తనలోనే అణచుకొన్న అసహ్యాన్ని ఆమె హిప్నాసిస్ స్థితిలో వెల్లడించింది. ఆ వెంటనే నీళ్లు తాగగలిగింది. దీనికి 'మాటల చికిత్స' అని పేరుపెట్టినది ఆమే. బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో ఈ వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశారు. అయితే ఆమె పూర్తిగా కోలుకోలేదు. 1882లోనే మరొక చికిత్సాలయంలో చేరవలసి వచ్చింది. బాధను ఒకసారి చెప్పుకొన్నంత మాత్రాన చాలదన్నమాట.

మనకు తెలియని భయాలు, కోరికలు అచేతన మనస్సులో ఉండి మన ప్రవర్తనను నడిపిస్తాయన్నది మొదటి సూత్రం. బాల్యంలోని అనుబంధాలు తరువాతి సంబంధాలకు అచ్చులవుతాయన్నది రెండవది. భరించలేని భావాల నుండి మనసు తనను తాను కాపాడుకొంటుందన్నది మూడవది. తండ్రి మీది కోపాన్ని తమ్ముడి మీద చూపే పిల్లవాడు చేసేది ఇదే. ఇటువంటి రక్షక తంత్రాలను ఫ్రాయిడ్ కుమార్తె అనా ఫ్రాయిడ్ 1936లో విపులంగా వివరించింది. ఇవి ఒకప్పుడు అవసరమైన కవచాలు. యుద్ధం ముగిసినా కవచం విప్పలేకపోవడం వల్లనే బాధ కలుగుతుంది.

నాలుగవది భావ బదలాయింపు. బాల్యంలో చీవాట్లు తిని పెరిగిన యువకుడు, కౌన్సెలర్ మౌనంగా ఉంటే తనపై కోపించారేమోనని భయపడతాడు. కౌన్సెలర్ దానికి నొచ్చుకోరు. ఆ భయం ఎక్కడిదో అతనితో కలిసి అన్వేషిస్తారు. 1900లో 'డోరా' అనే మారుపేరు గల యువతి విషయంలో ఫ్రాయిడ్ ఈ బదలాయింపును సకాలంలో గుర్తించలేదు. ఆమె చికిత్సను మధ్యలోనే విడిచిపోయింది. 1905లో ప్రకటించిన రచనలో ఆయనే ఈ లోపాన్ని అంగీకరించాడు.

కనుకనే ఈ పద్ధతిలో నియమిత సమయం, గోప్యత, ఓపికతో వినడం ముఖ్యం. తోచినది తోచినట్లు చెప్పే స్వేచ్ఛ వచ్చినవారికి ఉంటుంది. తొందరపడి సలహా ఇవ్వకపోవడం కౌన్సెలర్ ధర్మం. తీవ్రమైన మానసిక వ్యాధులకు మాత్రం వైద్యుని సహాయం కూడా అవసరం.

దుఃఖంలో ఉన్నవారితో మనం సాధారణంగా 'అన్నీ మరచిపో' అంటాము. ఆ మాటలో ప్రేమ ఉన్నా, అది వారి నోటిని మూయించవచ్చు. 'ఏం జరిగిందో చెప్పు, వింటాను' అనడం అంతకన్న మేలైన ఓదార్పు.