బారో, లెండ్ ఎందుకు తారుమారవుతాయి?

ప్రశ్న: ఇంగ్లిష్ వ్యతిరేక పదాలను జంటలుగా బట్టీ పడతాను. పరీక్షలో ఏది ఏదో తేల్చుకోలేను. ఎందుకు? (సిరిసిల్ల నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి)

బిడ్డా, నీ జ్ఞాపకశక్తిని అనుమానించకు. చిక్కంతా జంటగా నేర్చుకోవడంలోనే ఉంది.

తెలుగులో అప్పు తీసుకుంటాం, అప్పు ఇస్తాం. రెండు చోట్లా అప్పు ఉంది. తేడా తీసుకోవడం, ఇవ్వడం దగ్గరే. ఇంగ్లిష్‌లో వాటికి వేర్వేరు మాటలు: బారో, లెండ్. రెండింటినీ ఒకే రోజు ఒకే వరుసలో రాసుకుంటే, ఇవి అప్పుకు సంబంధించినవని మనసులో బాగానే నాటుకుంటుంది. ఏ శబ్దం ఏ వైపుదో గుర్తు పెట్టుకోవడానికి మాత్రం పట్టు దొరకదు. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2000లో రాసిన వ్యాసంలో ఈ ప్రమాదాన్నే హెచ్చరించారు: దగ్గరి మాటల్ని, వ్యతిరేకాల్ని మొదటిసారే కలిపి నేర్పితే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి.

అదే మీ ఊరి పిల్లలు పడుగు, పేకల దగ్గర తడబడరు. సాంచా, అంటే మరమగ్గం మీద బీమ్ నుంచి బిగుతుగా సాగి వచ్చే పడుగును చూశారు. నాడెలోని కండె నుంచి అడ్డంగా అల్లుకుపోయే పేకను చూశారు. ఒక్కో మాట ఒక్కో పనిని అంటిపెట్టుకుంది. వార్ప్, వెఫ్ట్ అని ఇంగ్లిష్‌లో చెప్పినా వాళ్లకు ఇట్టే అందుతుంది.

చూడలేని వాటికి ఆ పట్టును అర్థవివరణ ఇస్తుంది. బారో అంటే, తిరిగిస్తానని చెప్పి తీసుకోవడం. దాని పక్కన ఫ్రమ్ వస్తుంది: ఎవరి నుంచి తీసుకున్నామో. వారం పాటు ఈ ఒక్క మాటతోనే సొంత వాక్యాలు రాయి. అది నోట్లో ఆడాక లెండ్ దగ్గరికి పో. దానికి తోడు టు.

వివరణలోని మాటలు అసలు మాటకన్నా సులువుగా ఉండాలి, లేదంటే ఒక తాళం తీయడానికి ఇంకో తాళం తెచ్చినట్టే. బెంగాలీ పిల్లల చదువు కోసం ఢాకాలో పనిచేసిన మైఖేల్ వెస్ట్‌కు ఈ బాధ తెలుసు. 1935లో ఎండికాట్‌తో కలిసి తెచ్చిన నిఘంటువులో దాదాపు 24,000 మాటలు, పదబంధాలకు 1,490 మాటలతోనే అర్థాలు చెప్పారు.

పర్యాయపదాలూ అంతే, మొదటిది కుదిరాకే రెండోది. సాంచాల మీద పనిచేసేవాళ్లకు, కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మలకు వచ్చే కూలి వేజెస్. టీచరుకు నెలనెలా వచ్చే జీతం శాలరీ. రెండూ పనికి వచ్చే డబ్బే అయినా ఒకదాని చోట ఇంకోటి ఇమడదు. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయే అన్నల కాంట్రాక్టు కాగితం మీద అలవెన్స్ అంటే జీతానికి కలిపేది, డిడక్షన్ అంటే జీతంలో కోసేది. అక్కడ తికమక పడితే చేతికి వచ్చే పైసలే తగ్గుతాయి. అందుకే ఈ మాటల్ని తొందరపడి మింగొద్దంటాను.

ఇక వ్యతిరేక పదం అర్థాన్ని బట్టి మారుతుంది. సన్నబియ్యానికి ఎదురు దొడ్డుబియ్యం. సన్నటి మనిషికి ఎదురు లావుపాటి మనిషి. థిన్ కూడా అంతే: పుస్తకమైతే థిక్, మనిషైతే ఫ్యాట్. ఫైన్ అంటే సన్ననూలు అయినప్పుడు ఎదురు కోర్స్. టికెట్ లేనందుకు బస్సులో కట్టే ఫైన్‌కు అది పనికిరాదు. కాబట్టి నోట్‌బుక్‌లో ఒంటి మాట రాయకు. ‘థిన్ బుక్’ అని రాసి, ఎదురుగా కొంచెం ఖాళీ వదులు. థిక్ బుక్‌ను వచ్చే వారం రాసుకోవచ్చు.