వేలం బల్ల దగ్గర బీమా బుర్ర: వెంకీ మైసూర్ లెక్కలు

ఐపీఎల్ వేలంలో కోల్‌కతా నైట్‌రైడర్స్ బల్ల దగ్గర షారుఖ్ ఖాన్ కనిపించినా, కనిపించకపోయినా వెంకీ మైసూర్ మాత్రం ఉంటారు. ఆయన మాజీ క్రికెటర్ కాదు. మెట్‌లైఫ్, సన్ లైఫ్ లాంటి బీమా సంస్థల భారత వ్యాపారాన్ని నడిపిన మనిషి. 2010లో కేకేఆర్ సీఈఓగా వచ్చేనాటికి ఆ జట్టు మూడు సీజన్లు ఆడి ఒక్కసారీ సెమీఫైనల్ చేరలేదు. షారుఖ్ పేరు వల్ల ప్రచారానికి లోటు లేదు, గెలుపులకే కరువు.

మొదటి పరీక్ష 2011 వేలం. సౌరవ్ గంగూలీని కొనకుండా వదిలేశారు. కోల్‌కతాలో దాదాను వదులుకోవడమంటే మామూలు విషయం కాదు, అభిమానులు వీధుల్లోకి వచ్చారు. ఆ డబ్బు వేరేచోట పెట్టారు. గౌతమ్ గంభీర్‌కు 24 లక్షల డాలర్లు, అంటే జట్టు మొత్తం పరిమితి 90 లక్షల డాలర్లలో పావు వంతుకు పైనే. గంభీర్ సారథ్యంలో 2012, 2014 టైటిళ్లు వచ్చాయి. కానీ దీర్ఘకాలంలో ఇంకా లాభించింది 2012లో 7 లక్షల డాలర్లకు తెచ్చుకున్న సునీల్ నరైన్.

ఐపీఎల్ ఏడాదికి రెండు నెలల ముచ్చట. మిగతా పది నెలలు కోచ్‌లు, స్కౌట్‌లు, స్పాన్సర్లు ఏం చేయాలి? మైసూర్ జవాబు మరిన్ని జట్లు. 2015లో కరీబియన్ లీగ్‌లో ట్రినిడాడ్, తర్వాత అబుదాబి, లాస్ ఏంజెలెస్. నరైన్, రసెల్ ఈ జట్లన్నిటికీ ఆడారు. ఇప్పుడు ముంబయి, ఢిల్లీ, చెన్నై యజమానులూ అదే దారిలో ఉన్నారు.

2023 డిసెంబరులో మిచెల్ స్టార్క్‌కు 24.75 కోట్లు పెట్టినప్పుడు చాలామంది నవ్వారు. అదే రోజు పాట్ కమిన్స్‌కు 20.50 కోట్లు పెట్టిన సన్‌రైజర్స్ హైదరాబాద్ 2024 ఫైనల్లో 113కే కుప్పకూలింది. ‘ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్’ స్టార్కే. తెలుగు అభిమానులకు ఆ రాత్రి గుర్తు చేయనక్కర్లేదు.

విచిత్రమేమంటే, అసలు తప్పటడుగు ఆ కప్పు గెలిచాకే పడింది. టైటిల్ అందించిన కెప్టెన్ శ్రేయస్ అయ్యర్ చేజారాడు. అట్టిపెట్టుకోవడానికి ఆటగాడి సమ్మతి కూడా కావాలన్నది అప్పట్లో మైసూర్ ఇచ్చిన వివరణ. అది నిజమే, అభిమానికి ఊరట కాదు. ఆరుగురిని నిలుపుకున్నాక చేతిలో మిగిలింది 51 కోట్లు. అందులో దాదాపు సగం, 23.75 కోట్లు, ఒక్క వెంకటేశ్ అయ్యర్‌కే పోయాయి. శ్రేయస్‌ను 26.75 కోట్లకు పంజాబ్ తీసుకుంది. తేడా 3 కోట్లే. 2025లో శ్రేయస్ పంజాబ్‌ను ఫైనల్‌కు చేర్చాడు, కేకేఆర్ ఎనిమిదో స్థానంలో ఆగింది.

బీమా రంగంలో ఇలాంటి లెక్క తప్పితే బ్యాలెన్స్ షీటులో ఎక్కడో ఒక మూల కనబడుతుంది. ఇక్కడ ఈడెన్ గార్డెన్స్ నిండా జనం చూస్తుండగా కనబడుతుంది. ఆ సీజన్ ముగిశాక కేకేఆర్ వెంకటేశ్‌ను విడుదల చేసింది. 2025 డిసెంబరు వేలంలో 7 కోట్లకు బెంగళూరు అతణ్ని కొనుక్కుంది. అదే వేలంలో కేకేఆర్ కామెరాన్ గ్రీన్ మీద 25.20 కోట్లు పెట్టింది.