గడియారం లేని తీగ

1996లో వచ్చిన పామ్ పైలట్ చొక్కా జేబులో పట్టేది. చిన్న పీఠం మీద కూర్చోబెట్టి మీట నొక్కితే, అందులోని ఫోన్ నంబర్లు, పనుల జాబితా కంప్యూటర్‌లోకి చేరిపోయేవి. ఆ పీఠాన్ని కంప్యూటర్‌కు కలిపే సీరియల్ పోర్టు పద్ధతి మాత్రం పైలట్ కంటే 36 ఏళ్లు పెద్దది. టెలిప్రింటర్లను మోడెమ్‌లతో కలపడానికి 1960లో అమెరికాలో రాసుకున్న ఆర్‌ఎస్-232 ప్రమాణం అది. మొదట్లో వాడుకలో ఉన్న 25 పిన్నుల ప్లగ్గును 1984లో ఐబీఎం పీసీ ఏటీ 9 పిన్నులకు కుదించింది.

ఈ తీగలో గడియారం ఉండదు. అక్షరాలు బిట్టు తర్వాత బిట్టుగా వెళ్తాయి. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ అక్షరమే తీసుకోండి: ముందు ఒక ప్రారంభ బిట్టు, తర్వాత 1, 0, 0, 0, 0, 0, 1, 0, చివర ముగింపు బిట్టు. మొత్తం పది. సెకనుకు 9,600 బిట్ల వేగంలో ఒక్కో బిట్టు 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది. ఆ లెక్క అవతలి యంత్రానికి ముందే తెలిసుండాలి. అది 19,200 అనుకుంటే ప్రతి బిట్టునూ రెండుసార్లు చదివి, తెరనిండా పిచ్చి గుర్తులు పోస్తుంది.

చేతి యంత్రానికి ప్రోగ్రాం రాసేవారిని ఇంతకంటే ఎక్కువ తిప్పలు పెట్టింది మౌనం. కాసేపు సవ్యంగా వచ్చిన అక్షరాలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. తీగ తెగిందేమో అనిపిస్తుంది. పామ్‌లో వచ్చిన అక్షరాలు దాచుకునే చోటు మామూలుగా 512 బైట్లే. 57,600 వేగంలో అది నిండడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆలోగా ప్రోగ్రాం చదువుకోకపోతే పొంగిపోతుంది, లోపం నమోదవుతుంది. ఆ లోపాన్ని ప్రోగ్రాం స్వయంగా చెరిపేదాకా మరో అక్షరం లోపలికి రాదు. తీగ బాగానే ఉంటుంది, చెరపమనే ఒక్క ఆజ్ఞే కోడ్‌లో ఉండదు. పని అయ్యాక పోర్టు మూయడం మరిచిపోతే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది.

ఈ పోర్టు ఇప్పటికీ రౌటర్లలో, ఫ్యాక్టరీ యంత్రాల్లో పనిచేస్తోంది. ఇలాంటి మౌనం మీకు ఎదురైతే కోడ్‌ను తిరగరాసే ముందు ఒక పని చేయండి. తీగ అవతలి కొసనున్న ప్లగ్గులో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి ఒక అక్షరం పంపండి. అదే అక్షరం తిరిగొస్తే మీ వైపు పోర్టు, తీగ బాగున్నట్టే. అప్పుడు రెండు వైపులా వేగం, బిట్ల లెక్క ఒకటేనా అని చూడండి.