గ్లాస్గో కోమా స్కేల్

తలకు దెబ్బ తగిలినవారి గురించిన వార్తల్లో ‘జీసీఎస్ 7’ వంటి మాట కనిపిస్తుంటుంది. స్పృహ ఏ స్థాయిలో ఉందో అంకెల్లో చెప్పే కొలమానమిది. గ్లాస్గో విశ్వవిద్యాలయ న్యూరోసర్జన్లు గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ 1974లో దీన్ని ప్రచురించారు.

కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూచేతుల కదలికకు 6 గరిష్ఠ మార్కులు. మొత్తం 15 వస్తే పూర్తి మెలకువ, కనిష్ఠం 3. తలగాయంలో 8, అంతకు తగ్గితే పరిస్థితి తీవ్రమని లెక్క.

నర్సులు పిలిచి, పలకకపోతే నొప్పి కలిగేలా నొక్కి స్పందన చూస్తారు. కంటిపాపలనూ టార్చితో పరీక్షిస్తారు. ఒక్కసారి వచ్చిన అంకె కన్నా, అది పడిపోతోందా అన్నదే ముఖ్యం. మెదడులో పెరుగుతున్న రక్తస్రావాన్ని ఆ తగ్గుదల ముందే పట్టించగలదు. అందుకే రాత్రివేళ నర్సు రోగిని పదేపదే లేపినా బంధువులు అడ్డు చెప్పకూడదు.